నది మీద బల్లార్షా: మీ ప్రశ్నలు, పీటీ మేడమ్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పడవల మీదే ఉన్నాయి. వానలు వెనక్కి పోయి, నీళ్లు తేరుకుని, పొద్దున పూట చలి మొదలయ్యేసరికి అందరికీ నది గుర్తొస్తుంది. మోకాళ్ల నొప్పులు, కబడ్డీ రూల్సు, ఇద్దరు అన్నదమ్ముల క్యారమ్ బోర్డు తగాదా వచ్చే నెలకి వాయిదా.

కొత్తగా చదివేవాళ్ల కోసం: నేను మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న బల్లార్షాలో (బల్లార్‌పూర్ అన్నా ఇదే) పుట్టి పెరిగినదాన్ని. నాన్న మంథని వైపు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను స్కూల్లో పీటీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆదివారాలు పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని వార్ధా నదిలో తెడ్లు వేయిస్తుంటాను. పడవలు అమ్మను, అద్దెకివ్వను. కాబట్టి నా మాటల్లో బేరం వెతక్కండి.

*మేము టీచర్లం, బ్యాంకువాళ్లం కలిపి పదకొండు మందిమి. డిసెంబరులో ఒక ఆదివారం బల్లార్షాకి ఎగువన నదిలో దిగి, కోటనీ ఊరినీ చూసుకుంటూ, రైలు వంతెన కింద నుంచి అవతల తేలాలని ప్లాన్. గాలి కొట్టే కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) నాగపూర్ నుంచి అద్దెకి తెస్తున్నాం. ఇద్దరు తప్ప అందరం కొత్తవాళ్లమే. ప్రవాహం లాక్కెళ్లిపోతుందేమో అని టెన్షన్‌గా ఉంది. — ఒక టీచరు, రాజురా*

టీచరు గారూ, డిసెంబరులో వార్ధాకి ఎవర్నీ లాక్కెళ్లే ఓపిక ఉండదు. చాలాచోట్ల మీరే దిగి పడవని ఇసుకలో లాక్కుంటూ నడవాలి. మధ్యప్రదేశ్‌లో ముల్తాయి దగ్గర పుట్టి, దారిలో ఆనకట్టలకీ కాలువలకీ ఇవ్వాల్సింది ఇచ్చేసి, మిగిలింది మన దాకా తెస్తుంది పాపం. మీ టెన్షన్ అంతా మనుషులు నదిలో పెట్టిన సామాను కోసం దాచుకోండి. ఫ్యాక్టరీల ఊళ్లో అది బోలెడుంటుంది.

అన్నిటికంటే ముందు కట్ట. మహారాష్ట్రలో కోల్హాపూర్ తరహా బంధారాలు మీరు చూసే ఉంటారు. నదికి అడ్డంగా వరుసగా స్తంభాలు, వాటి మధ్య ఖాళీలు. వానాకాలమంతా ఖాళీలు తెరిచే ఉంటాయి, వరద దాటిపోతుంది. వానలు తగ్గాక అక్టోబరు ప్రాంతంలో ఆ ఖాళీల్లో పలకలు దింపి నీళ్లు నిలుపుతారు. మళ్లీ వానలకి ముందు తీసేస్తారు. అంటే, వానల చివర్లో ఎవరో "మేం హాయిగా దాటేశాం" అని చెప్పిన చోటే మీకు డిసెంబరులో గోడ ఎదురవ్వచ్చు. ఇవి కాక నీళ్లు తోడుకునే చోట్ల సిమెంటు కట్టలు, పిల్లవాగుల్లో ఇసుక బస్తాల కట్టలు ఉంటాయి. పోయినేడాది లేని కట్ట ఈ ఏడాది ఉండొచ్చు.

చిక్కేమిటంటే, ఎగువ నుంచి వచ్చేవాళ్లకి కట్ట కనపడదు. నది ఒక గీత దగ్గర అయిపోయినట్టుంటుంది, అంతే. గీతకి అవతల ఒడ్డు మీద చెట్ల కొమ్మలు కనిపిస్తాయి కానీ మొదళ్లు కనిపించవు. గీతకి ఇవతల నీళ్లు నున్నగా, బద్ధకంగా ఉంటాయి. కొత్తవాళ్లు అక్కడే "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అని తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఫోటోలు తీసుకుంటారు. హోరు కింది వైపు వినిపించినంతగా పై వైపు వినపడదు. కట్ట మీంచి పడ్డ నీళ్లు అడుగున ముందుకి పోయి, పైన మళ్లీ కట్ట వైపే వెనక్కి తిరుగుతుంటాయి. దిగువన ఒడ్డు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది: ఒక కొబ్బరికాయ, ఒక నూనె డబ్బా, పూజ పూల దండ, అన్నీ కట్ట మొదట్లోనే మునుగుతూ తేలుతూ, ఎంతసేపు చూసినా బయటికి రాకుండా తిరుగుతుంటాయి. మనిషికీ అదే గతి. లైఫ్ జాకెట్ ఉన్నా వెనక్కి లాగే నీళ్లు వదలవు. మోకాలెత్తు కట్టే కదా, జారిపోదాం అనే మొనగాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి పేరు ముందే కనుక్కుని, వాడితో ఒడ్డు మీదే మాట్లాడేయండి. కట్ట అనుమానం వచ్చిన వెంటనే, బాగా ఎగువనే అందరూ ఒడ్డెక్కాలి. పడవలు మోసుకుపోయి, తిరిగే నీళ్లు దాటాక దిగువన దిగాలి. మీవి గాలి పడవలు కాబట్టి ఇద్దరు చాలు ఒకదానికి.

తర్వాత వంతెన స్తంభాలు. బల్లార్షా నుంచి మాణిక్‌గఢ్ వైపు రైలు వార్ధాని దాటుతుంది కదా, ఆ లైను సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. 1929లో కాజీపేట బల్లార్షా లింకు పూర్తయితేనే ఢిల్లీకీ మద్రాసుకీ నేరుగా రైలు దారి పడింది. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలా వాటికి గృహప్రవేశం ఆ పట్టాల మీద నుంచే జరిగింది. సరే. మీరు కింద ఉన్నప్పుడు పైన గూడ్సు బండి పోతుంది. అందరూ తలెత్తుతారు, బోగీలు లెక్కపెడతారు. సరిగ్గా అప్పుడే పడవ అడ్డం తిరిగి స్తంభం మీదికి పోతుంది. స్తంభానికి ఎగువ వైపు ఏముందో ముందు చూడండి: వరదకి కొట్టుకొచ్చిన దుంగ, దాన్ని పట్టుకున్న తుమ్మ కంప, కంపకి చుట్టుకున్న చీర, వల ముక్క. నీళ్లు దాంట్లోంచి దూరిపోతాయి, మనిషి దూరలేడు. డిసెంబరు ప్రవాహం తక్కువే అయినా స్తంభాల మధ్య ఇరుకులో నీళ్లు వేగం పుంజుకుంటాయి.

ఒకవేళ స్తంభానికి తగలక తప్పదనిపిస్తే, దాని వైపే వాలండి, వాటేసుకోండి. భయంతో వెనక్కి వాలితే పడవ ఎగువ అంచు నీళ్లలోకి దిగి తిరగబడుతుంది. ఇది చెప్తే రాదు. ఒడ్డు మీద పడవ వేసి, అందరినీ కూర్చోబెట్టి, ఒకరు స్తంభంలా నిలబడి, "కుడి", "ఎడమ" అని అరుస్తూ ఒంటికి పట్టేదాకా వాలించండి. నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

ఇక జాక్‌వెల్. నది ఒడ్డున గుండ్రంగా బావిలా లేపి, పైన పంపు గది కట్టి, ఒడ్డు దాకా ఇనుప నడవా వేసి ఉంటుంది చూడండి, అది. ఊరి నల్లాలకీ, ఫ్యాక్టరీలకీ నీళ్లు అక్కడి నుంచే పోతాయి. మోటారు హమ్మని మోగుతుంటే, నీళ్ల మీద ఆకులూ నురగా ప్రవాహం వెంట పోకుండా ఆ బావి వైపు ఏటవాలుగా జరుగుతుంటే, పంపు నడుస్తోందని అర్థం. అవతలి ఒడ్డు పట్టుకుని దాటండి. దాని నీడలో ఆగి టిఫిన్ తినొద్దు. ఎక్కడ నీళ్లు ఊరికే గుంజుతున్నాయో ఆకులకి తెలిసినంత బాగా మనకి తెలీదు, వాటినే చూస్తూ నడపండి.

మురుగు కాలువలు కలిసేచోట ఒడ్డుకి దూరంగా ఉంటే చాలు. ఇసుక తవ్విన గుంటలు మాత్రం గుర్తుంచుకోండి. పడవ లాక్కుంటూ మోకాలి లోతులో నడుస్తున్నవాళ్లు ఒక్క అడుగుతో మెడ దాకా దిగిపోతారు. తెడ్డుతో ముందు పొడిచి చూసి అడుగెయ్యాలి, ఒకరి వెనక ఒకరు.

నదికి అటూ ఇటూ గనులున్నాయి, సాస్తీ వైపు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే బొగ్గు గని) మీకు తెలిసిందే. బ్లాస్టింగ్‌కి ముందు సైరన్ వేస్తారు. ఆ రోజు ఉంటుందో లేదో, ఎన్నింటికో గనిలో పనిచేసే తెలిసినవాళ్లని అడగండి. రాజురాలో ఉంటూ గనిలో పనిచేసే చుట్టం లేడంటే నేను నమ్మను.

ముందు వారమే ఇద్దరు బైకు మీద ఒడ్డు వెంట తిరిగి రండి. ఎక్కడ దిగాలి, ఎక్కడ తేలాలి, మధ్యలో ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఎక్కడ ఒడ్డెక్కి ఆటో పట్టుకోవచ్చు, ఇవన్నీ రాసుకోండి. రోడ్డు మీది కిలోమీటర్లు నది మీద పనికిరావు, నది మెలికలు తిరుగుతుంది. కొత్తవాళ్లతో గంటకి 3 కిలోమీటర్లకి మించి లెక్కెయ్యకండి, గాలి ఎదురైతే అదీ రాదు. గాలి పడవలు నీళ్ల మీద తేలిగ్గా కూర్చుంటాయి, ఎదురుగాలికి వెనక్కి పోతాయి. పొద్దున పొగమంచు విడిచాక దిగి, మధ్యాహ్నానికల్లా తేలిపోండి. చలికాలం ఐదున్నర దాటితే పొద్దుండదు. బల్లార్షా దగ్గర కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలుస్తుంది, ముందు రెండు రోజులు ఆ అంకె చూడండి. ఉన్నట్టుండి పెరుగుతుంటే ఎగువన నీళ్లు వదిలారని అర్థం, ఆ ఆదివారం ఇంట్లో పకోడీలు వేసుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వండి: ఎంతమంది, ఎక్కడ దిగుతాం, ఎన్నింటికి తేలతాం, ఒడ్డున ఉన్నవాళ్ల ఫోన్ నంబరు. ప్రమాదమైతే 112. అందరూ తేలాక స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ మాట కూడా చెప్పండి, లేకపోతే రాత్రి మీ కోసం వెతుకుతూ ఉంటారు.

*మేమూ ఒక గుంపుగా వెళ్తుంటాం. మా బావగారు (మావారి అన్న) ప్రతిసారీ అందరికంటే ముందు దూసుకుపోతారు, మలుపు తిరిగి కనపడరు. పెద్దాయన, ఏమీ అనలేం. ఏం చెయ్యాలి? — ఒక గృహిణి, చంద్రపూర్*

అనక్కర్లేదమ్మా, పదవి ఇవ్వండి. "బావగారూ, మీ అంత గట్టిగా తెడ్డు వేసేవాళ్లు లేరు, అందుకని వెనకాల మీరే ఉండాలి, ఎవరు వెనకబడినా మీరే చూసుకోవాలి" అనండి. గుంపులో ముందు ఒకరు, చివర ఒకరు ఉండాలి. ముందున్నవాళ్లని ఎవరూ దాటకూడదు, చివరున్నవాళ్ల వెనక ఎవరూ మిగలకూడదు. చివరి మనిషి గట్టివాడై ఉండాలి, కాబట్టి మీరు అబద్ధం కూడా చెప్పినట్టు కాదు. ప్రతి ఒక్కరూ తన వెనకాల పడవ కనపడుతోందా అని చూసుకుంటుండాలి. కనపడకపోతే ఆగాలి. అలా ఒకరిని చూసి ఒకరు ఆగితే మొత్తం వరస దానంతట అదే ఆగుతుంది.

అరుపులు నది మీద సరిగా వినపడవు, పైగా వంతెన కింద అంతా గోల. తెడ్డు నిలువుగా ఎత్తితే "రండి". తలపైన అడ్డంగా పట్టుకుంటే "ఆగండి". విజిల్ ఒకసారి ఊదితే "ఇటు చూడండి", మూడుసార్లు ఊదితే "ప్రమాదం". విజిల్ జాకెట్‌కి కట్టి ఉండాలి, సంచీలో కాదు. ఆయన మాట వినకపోతే మీవారి చేత చెప్పించండి. అప్పటికీ వినకపోతే ఆయన పడవలో మీ అత్తగారిని కూర్చోబెట్టండి.

*తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యే చోటు ఎంత బాగుంటుంది! అది వదిలేసి కాగితం మిల్లు వాసన పీలుస్తూ, మసి గోడలు చూస్తూ బల్లార్షాలో తెడ్లు వెయ్యడం ఏం సరదా? — ఒక ఉద్యోగి, ఆసిఫాబాద్*

సంగమం అందాన్ని నేనెప్పుడు కాదన్నాను? 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకి వచ్చినవాళ్లు ఆ వెడల్పు చూసి నోరు తెరిచారు. కానీ మీరడిగింది కొత్తవాళ్ల గురించైతే, నా ఓటు ఊళ్లోని నదికే. ఊళ్లో పడవ చిల్లిపడితే ఒడ్డెక్కగానే రోడ్డుంది, చాయ్ దుకాణం ఉంది, ఫోన్ పలుకుతుంది, ఆసుపత్రి ఉంది. సంగమం కింద ఒక వైపు చప్రాలా అడవి. కాలు మెలితిరిగినా మైళ్ల కొద్దీ మోసుకురావాలి. మొసళ్ల సంగతి కూడా ఉంది. మంచిర్యాల వైపు గోదావరిలో శివ్వారం అభయారణ్యం పెట్టిందే మొసళ్ల కోసం. అవి ఫలానా మైలురాయి దగ్గర ఆగిపోతాయని ఎవరూ హామీ ఇవ్వరు కదా. ఇంకా కిందికి, సిరొంచ దాటి పోవాలనుకునేవాళ్లు మేడిగడ్డ బ్యారేజీ ఛాయలకి పోకండి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన కట్టడం అది. కుంగకపోయినా ఏ బ్యారేజీ గేట్ల దగ్గరా పడవకి పనిలేదు.

వాసన అన్నారు. అది చెక్కనీ వెదురునీ ముక్కలు చేసి కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి ఉడికించేచోట పుట్టే గంధకం వాయువుల వాసన. ఆ పద్ధతిలో గుజ్జు తీసే ఏ మిల్లు ఊరికైనా అదే వాసన, కాగజ్‌నగర్ వాళ్లనీ రాజమండ్రి వాళ్లనీ అడగండి. గాలిలో రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది, కాసేపటికి ముక్కే అలసిపోయి మర్చిపోతుంది. అందుకే పుట్టి పెరిగినవాళ్లకి అది తెలియదు, బయటి నుంచి వచ్చిన చుట్టాలకే ముక్కు ముడతలు పడుతుంది. ఇక్కడి కాగితం మిల్లు కంపెనీ 1945లో పుట్టింది. ఈ ఊళ్లో కొన్ని ఇళ్లల్లో మూడో తరం దాని షిఫ్టు సైరన్‌కి అన్నం తింటోంది.

నాకైతే నది మీద నుంచి చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది. రోడ్డు మీద ఉన్నప్పుడు గోడ తప్ప ఏమీ కనపడదు. పడవలో కూర్చుంటే నీళ్లు లోపలికి పోయేదెక్కడో, బయటికి వచ్చేదెక్కడో రెండూ కళ్లెదుటే ఉంటాయి. గోండు రాజుల కోట గోడ పక్క నుంచి పోతుంటే బట్టలు ఉతికేవాళ్లు "ఏ అక్కా, మమ్మల్నీ ఎక్కించుకో" అని తెలుగులో ఒకరు, మరాఠీలో ఒకరు అరుస్తారు. గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి దారి ఇవ్వవు. నది అంటే కొండలూ కొంగలూ మాత్రమే అనుకుంటే ఊరి నది గురించి అడిగేవాడే ఉండడు. ఒక కాలువలో నీళ్ల రంగు మారితే మొదట కనిపెట్టేది వారం వారం అక్కడ తెడ్డు వేసేవాళ్లే. ఫోటో తీసి, తేదీ వేసి, నగర పరిషత్‌కీ కాలుష్య నియంత్రణ మండలికీ రాయగలిగేదీ వాళ్లే. తుమ్మిడిహెట్టికి తప్పకుండా వెళ్లండి. ముందు ఇక్కడ నేర్చుకుని వెళ్లండి.

*మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాగపూర్‌లో స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదుతుంది. "నాకు లైఫ్ జాకెట్ ఎందుకు నాన్నా, ఈత వచ్చు కదా" అంటోంది. పంపించొచ్చా? — ఒక తండ్రి, బల్లార్‌పూర్*

పంపించండి, జాకెట్‌తో. పూల్‌లో అడుగు కనపడుతుంది, గోడ అందుతుంది, నీళ్లు కదలవు. నదిలో పడ్డ క్షణంలో చలికి ఊపిరి బిగుసుకుంటుంది, తెడ్డు ఒకవైపు పోతుంది, పడవ ఒకవైపు పోతుంది. అప్పుడు మొదటి నిమిషం తల పైన ఉంచేది ఈత కాదు, జాకెట్. ఈత తర్వాత పనికొస్తుంది, ఒడ్డు చేరడానికి.

కొనేటప్పుడు మీద రాసింది చదవండి. ఎంత బలంగా పైకి తేలుస్తుందో న్యూటన్లలో రాసి ఉంటుంది. తెడ్లు వేసేవాళ్లు వాడే 50 న్యూటన్ల జాకెట్ చేతులు ఆడనిస్తుంది, కానీ స్పృహ తప్పినవాళ్లని వెల్లకిలా తిప్పదు. 100 న్యూటన్లది తిప్పేలా చేస్తారు, కాస్త లావుగా ఉంటుంది. ఈత వచ్చి, పక్కన పెద్దవాళ్లున్న అమ్మాయికి మొదటిది చాలు. వేసి, అన్ని బకిల్సూ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చేస్తే అది ఆమెది కాదు, మీది. వాళ్ల అమ్మ చీర కొన్నంత శ్రద్ధగా కొనండి, "పెరిగే పిల్ల కదా" అని ఒక సైజు పెద్దది తేకండి. యూనిఫాం దగ్గర చెల్లుతుంది ఆ లెక్క.

జీన్స్ వద్దు, చున్నీ వద్దు, జడకి పొడుగు రిబ్బన్లు వద్దు. పడవలో తాడు ఏదీ ఒంటికి కట్టుకోకూడదు. ఒకసారి ఒడ్డు దగ్గర, నడుము లోతులో, కావాలని పడవ తిరగెయ్యమనండి. మీరు ఒడ్డున నిలబడి చూడండి, కానీ అరవకండి.

*నదిలో తెడ్లు వేసి వచ్చాక చేతులకి దద్దుర్లు వచ్చాయి. ఒక స్నేహితుడికి వారం తర్వాత జ్వరం. నీళ్ల వల్లేనా? — ఒక విద్యార్థి, చంద్రపూర్*

దద్దుర్లు నీళ్ల వల్ల కావచ్చు, ఎండ వల్ల కావచ్చు, అద్దె జాకెట్‌లో ఎవరిదో చెమట వల్ల కావచ్చు. సబ్బుతో కడిగి, తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి పో. జ్వరం మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉంటుంది. చిన్న గీతలోంచి, కంట్లోంచి, నోట్లోంచి ఒంట్లోకి పోతుంది. ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో, ఒక్కోసారి నెల దాకా ఆగి కూడా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం మొదలవుతాయి. డాక్టరు దగ్గర "జ్వరం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మలేరియాకో టైఫాయిడ్‌కో పరీక్షలు రాసి పంపుతారు. "నదిలో దిగాను, ఫలానా రోజు" అని చెప్పమను నీ స్నేహితుడికి, ఇవాళే. మొదట్లో పట్టుకుంటే మందులున్నాయి, ఆలస్యమైతే మూత్రపిండాల మీదికీ కాలేయం మీదికీ వస్తుంది. మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగొద్దు.

చేతి మీద పుండున్నవాళ్లు నదిలో దిగకూడదు. అందరూ చెప్పులు కాదు, పాత బూట్లు వేసుకోవాలి, ఒడ్డున సీసా పెంకులకి కొదవలేదు. వానపడ్డ మర్నాడు దిగొద్దు, ఊళ్లో వీధులన్నీ కడిగిన నీళ్లు అప్పుడే వస్తాయి. చేతులు సబ్బుతో కడగకుండా పూరీ ముట్టుకోవద్దు. ఖాండ్క్యా బల్లాల్ షా రాజుకి ఒంటి మీద గడ్డలుంటే ఝర్పట్ నది నీళ్లు తాకగానే తగ్గాయనీ, అందుకే బల్లార్షా వదిలి చంద్రపూర్ కట్టించాడనీ మీ ఊళ్లో కథ చెప్తారు కదా. ఇప్పటి ఝర్పట్ చూస్తే ఆయన మళ్లీ బల్లార్షాకే వచ్చేసేవాడు.

*పడవలో ఫోన్, తిండి ఎలా తీసుకెళ్లాలి? — పేరు రాయలేదు*

ఫోన్ జిప్ సంచీలో పెట్టి, దాన్ని ఇంకో జిప్ సంచీలో పెట్టండి. గుంపులో రెండు ఫోన్లు వేర్వేరు పడవల్లో ఉంటే చాలు, మిగతావి ఒడ్డున ఉన్నవాళ్లకివ్వండి. తిండికి చపాతీ చుట్ట, వేరుశనగ ఉండలు, అరటిపళ్లు. నీళ్లు చలికాలమైనా మనిషికి రెండు లీటర్లు. మందు తీసుకెళ్లేవాళ్లు ఈ పేజీ చదవనక్కర్లేదు.

*అక్కా, నేను ప్రాణహితల వలలు వేసేటోణ్ని. ఈ ఉత్తరం మా పిల్లగాడు రాస్తుండు. టౌన్‌ల నుంచి రంగు రంగు పడవలేసుకుని కొందరొచ్చిర్రు. రాత్రి కట్టిన వల వాళ్ల తెడ్డుకి చుట్టుకుంటే కత్తితో కోసి పోయిర్రు. అడిగితే "నది నీదా" అన్నరు. మాసంటోళ్లు ఎవరికి చెప్పుకోవాలె? — సిరొంచ వైపు నుంచి*

తమ్మీ, నీ వల కోసిన గుంపు ఎవరో నాకు తెలియదు. తెలిస్తే వాళ్లకి విడిగా ఉత్తరం రాసేదాన్ని. నీ పడవ ఫోటో, తెగిన వల ఫోటో, తేదీ రాసిపెట్టుకో. మీ మత్స్య సహకార సంఘం ఉంటే దాని లెటర్‌హెడ్ మీద తహసీల్దారుకీ పోలీస్ స్టేషన్‌కీ కాగితం ఇప్పించు. ఒక్క మనిషి నోటి మాట కంటే సంఘం కాగితానికి విలువెక్కువ. ఇకపై రేవు దగ్గర పడవలు దిగడం చూస్తే వల ఎక్కడ కట్టావో నువ్వే చెప్పు. వాళ్లు అడగకపోయినా.

మిగతాది తెడ్లు వేసేవాళ్లకి. నీళ్ల మీద వరసగా థర్మోకోల్ ముక్కలో, మూత బిగించిన నీళ్ల సీసాలో తేలుతుంటే అది చెత్త కాదు, వల బెండ్లు. చెత్త అయితే ప్రవాహం వెంట పోతుంది, ఇవి ఉన్నచోటే ఉంటాయి. వరస ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూసుకుని చుట్టూ తిరిగి పోండి. దారి లేకపోతే తెడ్డు పైకెత్తి, పడవని వదిలేస్తే వల పై తాడు మీంచి మెల్లగా జారుతుంది. తెడ్డుకి చుట్టుకుంటే ఆగి, చేత్తో విప్పండి. పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. పడవలో కత్తి ఉండేది మనిషి చిక్కుకున్నప్పుడు కొయ్యడానికే. అలా కొయ్యాల్సి వస్తే ఒడ్డెక్కి వల ఎవరిదో కనుక్కుని డబ్బులిచ్చి రావాలి. రేవులో దిగగానే మొదట జాలరిని పలకరించండి. ఏ మడుగులో లోతెంత, ఏ స్తంభం దగ్గర కంప పడింది, నిన్న రాత్రి నీళ్లు ఎంత తగ్గాయి, నా దగ్గర లేని జవాబులన్నీ ఆయన దగ్గరుంటాయి.

సిరొంచ వైపు పడవలేసుకుని వెళ్లిన ఆ గుంపు ఈ పేజీ చూస్తుంటే, వల ఖరీదు పత్రిక ఆఫీసుకి పంపండి. తమ్ముడి అడ్రసు నా దగ్గరుంది, నేనే అందజేస్తాను.